డాన్, యుగంధర్, బిల్లా: మళ్ళీ మళ్ళీ మొదలయ్యే ఒక కథ – అభిమానుల ఆశలు, సందేహాలు

కొన్ని సినిమా కథలు ఒకసారి తెరపైకి వచ్చి మరుగున పడిపోతాయి. మరికొన్ని తరం మారినప్పుడల్లా వేషం మార్చుకొని తిరిగి వస్తాయి. 1978లో హిందీలో 'డాన్'గా పుట్టి, 1979లో తెలుగులో 'యుగంధర్'గా, 1980లో తమిళంలో 'బిల్లా'గా అవతరించి, 2006లో మరల హిందీలోనే కొత్త చిత్రమాలగా మొదలైన కథ ఈ రెండవ కోవకు చెందినది. 2023లో దీనిని మూడవ తరం నటునితో తిరిగి ప్రారంభిస్తామన్న ప్రకటన వెలువడగానే, అభిమానుల మధ్య పాత వాదమే మరల రాజుకున్నది.

ఈ వాదంలో మన సరిహద్దు గ్రామాలవారికి ఒక ప్రత్యేకమైన స్థానం ఉన్నది. హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్ళారి, బరంపురం, సిరోంచ వంటి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సినిమా ఒకే భాషలో అందలేదు. పొరుగు రాష్ట్రపు భాషలో ఒకటి, మాతృభాషలో ఒకటి, హిందీలో ఒకటి చొప్పున ఒకే కథను పలుమార్లు చూసిన ఇండ్లు మన ప్రాంతంలో ఎన్నో కలవు. తాతగారు ఎన్.టి.రామారావును తలచుకుంటే, తండ్రి రజనీకాంత్ పేరు చెబుతాడు, మనుమడు ప్రభాస్ లేదా అజిత్ అంటాడు. కథ మాత్రం ఒక్కటే. అందువలన ఈ చిత్రమాల చరిత్రను, దాని పునఃప్రారంభం చుట్టూ అలముకున్న ఆశలను, సందేహాలను ఒకచోట చేర్చి అందించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథల ముగింపులు కూడా ఇందులో ప్రస్తావించక తప్పలేదు.

కథా సారాంశం

డాన్ ఒక నేరస్థుల ముఠాకు నాయకుడు. పోలీసుల వేటలో అతడు మరణిస్తాడు. ఆ మరణం సంగతి డి.ఎస్.పి. ఒక్కనికే తెలుసు. అచ్చం డాన్ పోలికలతో ఉన్న విజయ్ అనే అమాయకుడు ఆయనకు ఇదివరకే తారసపడి ఉంటాడు. వీథులలో ఆడి పాడి పొట్టపోసుకుంటూ, తనవారు కాని ఇద్దరు పిల్లలను సాకుతున్న బీదవాడు అతడు. పిల్లల చదువు సంగతి తాను చూసుకుంటానని మాట ఇచ్చి, డి.ఎస్.పి. విజయ్‌ను డాన్ స్థానంలో ముఠాలోకి పంపుతాడు. దెబ్బ తగిలి జ్ఞాపకశక్తి పోయిందన్న సాకు అతనికి రక్షణ.

ముఠా రహస్యాలు గల డైరీ పోలీసులకు అందించడంతో విజయ్ పని పూర్తి కావాలి. కాని దాడి సమయంలో డి.ఎస్.పి. మరణిస్తాడు. విజయ్ ఎవరో చెప్పగల ఏకైక సాక్షి ఆయనే. పోలీసులకు అతడు డాన్, ముఠాకు అతడు ద్రోహి. మిగిలిన ఆధారం ఆ డైరీ ఒక్కటే, అదీ చేయి జారిపోతుంది. తాను తానేనని నిరూపించుకోవడానికి ఆ బీదవాడు పడే పాట్లే మిగిలిన కథ. చివరకు ఇంటర్‌పోల్ అధికారిగా చెలామణి అవుతున్నవాడే ముఠాకు పెద్ద అని తేలుతుంది, విజయ్ నిర్దోషిగా బయటపడతాడు.

కథలో తుపాకులు, వెంటాటలు, నల్లకళ్ళద్దాలు ఎన్ని ఉన్నా, దాని కేంద్రం ఒక సామాన్యుని గుర్తింపు సమస్య అన్న సంగతి ఇక్కడ గమనించదగినది. దీనికి మరల వద్దాం.

1978: అప్పు తీర్చడానికి తీసిన చిత్రం

'డాన్' నిర్మాత నారిమన్ ఇరానీ వృత్తిరీత్యా ఛాయాగ్రాహకుడు. 1972లో ఆయన నిర్మించిన 'జిందగీ జిందగీ' పరాజయం పొంది ఆయనను అప్పులలో ముంచింది. 'రోటీ కపడా ఔర్ మకాన్' చిత్రానికి కలిసి పనిచేసిన అమితాబ్ బచ్చన్, జీనత్ అమన్, సహాయ దర్శకుడు చంద్ర బారోట్ మొదలైనవారు ఆయనను ఆదుకోవాలనే తలంపుతో ఈ చిత్రానికి పూనుకున్నారు. కథ సలీం–జావేద్ జంటది. అప్పటికి ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిన కథ అది. సంగీతం కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ.

చిత్రం విడుదల కాకముందే, మరొక చిత్రం సెట్‌లో జరిగిన ప్రమాదంలో ఇరానీ మరణించారు. చిత్రం 1978 మే 12న విడుదలై ఘనవిజయం సాధించింది. అమితాబ్‌కు ఉత్తమ నటునిగా, కిశోర్ కుమార్‌కు, ఆశా భోంస్లేకు ఉత్తమ గాయకులుగా ఫిలింఫేర్ పురస్కారాలు తెచ్చిపెట్టింది. ఎంతో ప్రసిద్ధి పొందిన బనారస్ కిళ్ళీ పాట చిత్రీకరణ ముగిసిన తరువాత, మనోజ్ కుమార్ సలహా మేరకు చేర్చినది కావడం విశేషం. దర్శకుడు చంద్ర బారోట్ 2025 జూలైలో కన్నుమూశారు.

అమితాబ్ ద్విపాత్రాభినయంలో రెండు పాత్రలను వేరు చేసింది వేషం కన్నా మాట. డాన్ పట్టణపు మాట కొలిచినట్లు ఉంటుంది. విజయ్ మాటలో ఉత్తరాది పల్లె యాస పొంగిపొరలుతుంది. ఆ యాస దాచుకొని, నేర్పిన భాష పలుకుతూ ముఠా మధ్య తిరగడమే అతనికి పెద్ద పరీక్ష. ఇంట ఒక భాష, కచేరీలో ఒక భాష పలికే మన ప్రాంతంవారికి ఈ అవస్థ వివరించనక్కరలేదు.

తెలుగు 'యుగంధర్', తమిళ 'బిల్లా'

సలీం–జావేద్ కథలు ఆ దశాబ్దంలో దక్షిణాదికి వరుసగా వచ్చాయి. 'జంజీర్' తెలుగులో 'నిప్పులాంటి మనిషి' (1974), 'దీవార్' తెలుగులో 'మగాడు' (1976) అయ్యాయి. ఈ రెండింటిలోనూ కథానాయకుడు ఎన్.టి.రామారావే. ఆ వరుసలో మూడవది 1979లో వచ్చిన 'యుగంధర్'. జయసుధ కథానాయిక, ఇళయరాజా సంగీతం, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం. దాస్ 'మోసగాళ్ళకు మోసగాడు' (1971)తో సాహస చిత్రాల దర్శకునిగా పేరు పొందినవారు. విష్ణువర్ధన్, రజనీకాంత్ కలిసి నటించిన 'సహోదరర సవాల్' (1977) వంటి కన్నడ చిత్రాల ద్వారా కర్ణాటకలోని మనవారికీ సుపరిచితులు.

తమిళంలో ఈ కథను నిర్మాత కె.బాలాజీ, దర్శకుడు ఆర్.కృష్ణమూర్తి 'బిల్లా'గా మలిచారు. రజనీకాంత్, శ్రీప్రియ ముఖ్య పాత్రధారులు, ఎం.ఎస్.విశ్వనాథన్ సంగీత దర్శకులు. డి.ఎస్.పి. పాత్రను బాలాజీ స్వయంగా పోషించారు. 1980 జనవరి 26న విడుదలైన ఈ చిత్రం రజనీకాంత్‌ను సాహస కథానాయకునిగా స్థిరపరచిన చిత్రాలలో ముఖ్యమైనది. రజనీకాంత్ కుటుంబ మూలాలు కృష్ణగిరి జిల్లాలోని నాచికుప్పం గ్రామంలో ఉండడం వలన, ఆ ప్రాంతంవారికి ఈ చిత్రంపై మరింత మమకారం.

1986లో మలయాళంలో మోహన్‌లాల్ కథానాయకునిగా 'శోభరాజ్' వచ్చింది. అనగా ఎనిమిది సంవత్సరాల కాలంలో నాలుగు భాషలు, నలుగురు అగ్రనటులు. ఇవన్నీ రీమేకులే, పునఃప్రారంభాలు కావు. ఒక భాషలో విజయం పొందిన కథను మరొక భాషవారికి చేరవేయడం వాటి లక్ష్యం. కథను మార్చవలసిన అగత్యం వాటికి లేకపోయింది.

2006: హిందీలో పునఃప్రారంభం

పునఃప్రారంభం అంటే వేరు. ఒకప్పుడు చూసినవారు ఉండగానే, అదే పేరుతో, అదే పాత్రలతో కథను మొదటి నుండి తిరిగి చెప్పడం దీని స్వభావం. ప్రేక్షకునికి ముగింపు ముందే తెలుసు, కనుక ఏదో ఒకటి మార్చక తప్పదు. ఎక్కువ మారిస్తే పాత అభిమాని నొచ్చుకుంటాడు, తక్కువ మారిస్తే కొత్త ప్రేక్షకుడు రాడు. ఈ ఇరకాటంలోనే ప్రతి పునఃప్రారంభమూ నడుస్తుంది.

మూలకథా రచయితలలో ఒకరైన జావేద్ అఖ్తర్ కుమారుడు ఫర్హాన్ అఖ్తర్ దర్శకత్వంలో, షారుఖ్ ఖాన్ కథానాయకునిగా 2006 అక్టోబరు 20న కొత్త 'డాన్' విడుదలైంది. ప్రియాంక చోప్రా, అర్జున్ రాంపాల్, బొమన్ ఇరానీ, ఓంపురి ఇతర నటులు. శంకర్–ఎహ్సాన్–లాయ్ సంగీతంలో పాత పాటలు కొన్ని కొత్త వాద్యాలతో తిరిగి వినిపించాయి. కథాస్థలం ముంబయి వీథుల నుండి మలేషియాకు మారింది. డైరీ స్థానంలో కంప్యూటర్ డిస్కు వచ్చింది.

అసలు మార్పులు చివరలో ఉన్నాయి. పాత కథలో ధర్మమూర్తి అయిన పోలీసు అధికారే కొత్త కథలో ముఠా పెద్దగా తేలుతాడు. అంతకన్నా పెద్ద మార్పు మరొకటి. విజయ్‌గా మనం అనుకుంటూ వచ్చినవాడు నిజానికి డాన్. ఆసుపత్రిలోనే అతడు విజయ్ స్థానంలోకి చేరుకున్నాడు. మరణించినది విజయ్. అధికారులను, ప్రేయసిని, ప్రేక్షకులను కూడా మోసగించి డాన్ దర్జాగా వెళ్ళిపోతాడు.

ఈ మలుపు ఎవరూ ఊహించనిది. పాత కథ తెలిసినవారే ఎక్కువగా మోసపోయారు. రచనగా చూస్తే ఇది చాలా తెలివైన ఉపాయం. అయితే దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉన్నది, దానిని ముందు ముందు చూద్దాం.

2007, 2009: దక్షిణాది బిల్లాలు

హిందీ చిత్రం వచ్చిన మరుసటి సంవత్సరమే, 2007 డిసెంబరు 14న, తమిళంలో విష్ణువర్ధన్ దర్శకత్వంలో అజిత్ 'బిల్లా' విడుదలైంది. (ఈ దర్శకుడు, పైన చెప్పిన కన్నడ నటుడు వేరు వేరు వ్యక్తులు.) నయనతార, ప్రభు, రహ్మాన్, నమిత ఇతర ముఖ్య పాత్రధారులు. సంగీతం యువన్ శంకర్ రాజా. 'యుగంధర్'కు తండ్రి ఇళయరాజా, ఈ 'బిల్లా'కు కుమారుడు యువన్ స్వరకల్పన చేయడం ఈ చిత్రమాలలో ఒక చక్కని యాదృచ్ఛికం. రజనీకాంత్ చిత్రంలోని పరిచయ గీతాన్ని ఇందులో కొత్త రీతిలో వినిపించారు. మెరిసే నల్లని దుస్తులు, తక్కువ మాటలు, నీడలు నిండిన చిత్రీకరణ ఈ చిత్రానికి ప్రత్యేక శైలిని ఇచ్చాయి.

తెలుగులో 2009 ఏప్రిల్ 3న మెహర్ రమేష్ దర్శకత్వంలో ప్రభాస్ 'బిల్లా' వచ్చింది. అనుష్క, నమిత, హన్సిక నటించగా, పోలీసు అధికారి పాత్రను ప్రభాస్ పెదనాన్న కృష్ణంరాజు ధరించారు. సంగీతం మణిశర్మ. కథాస్థలం ఇక్కడా మలేషియానే. 2022 సెప్టెంబరులో కృష్ణంరాజు మరణించిన తరువాత, అదే సంవత్సరం అక్టోబరు 23న ప్రభాస్ జన్మదినం సందర్భంగా ఈ చిత్రాన్ని తిరిగి విడుదల చేశారు. పెదనాన్నను, కుమారుడిని ఒకే తెరపై చూడడానికి అభిమానులు తరలివచ్చారు.

ఈ రెండు చిత్రాలూ హిందీ పునఃప్రారంభం నుండి హంగులు తీసుకున్నాయి, ముగింపు తీసుకోలేదు. డైరీ పెన్‌డ్రైవ్‌గా మారింది, అంతే. తమిళంలో వేలు, తెలుగులో రంగా అనే బీద పోలికవాడు పాత కథలో వలెనే బ్రతికి బయటపడతాడు. ఒకే మూలకథ నుండి మూడేళ్ళలో వచ్చిన మూడు చిత్రాలలో ఉత్తరాదిలో నేరస్థుడు గెలిచాడు, దక్షిణాదిలో బీదవాడు గెలిచాడు. అభిమానుల చర్చలలో అంతగా వినిపించని ఈ తేడాయే ఈ చిత్రమాలను అర్థం చేసుకోవడానికి కీలకం.

కొనసాగింపులు

2011 డిసెంబరు 23న వచ్చిన 'డాన్ 2' కథాస్థలం జర్మనీలోని బెర్లిన్ నగరం. నోట్ల ముద్రణ పలకలను బ్యాంకు నుండి దోచుకునే పథకం దాని కథ. వాణిజ్యపరంగా మంచి విజయం పొందింది. 2012 జూలై 13న చక్రి తోలేటి దర్శకత్వంలో వచ్చిన తమిళ 'బిల్లా 2' వెనుకకు నడిచి, శ్రీలంక నుండి శరణార్థిగా వచ్చిన డేవిడ్ నేరసామ్రాజ్యానికి అధిపతి ఎలా అయ్యాడో చెప్పింది. మొదటి భాగానికి లభించిన ఆదరణ దీనికి దక్కలేదు.

ఈ రెండు కొనసాగింపులలోనూ ద్విపాత్రాభినయం లేదు. వీథిలో పాడుకొనే బీదవాడు కథలో నుండి పూర్తిగా తొలగిపోయి, నాయకుడు ఒక్కడే మిగిలాడు.

అభిమానులు ఏమి ఆశిస్తారు?

పునఃప్రారంభం ప్రకటన వెలువడినప్పుడల్లా అభిమానులు కోరేవి స్థూలంగా నాలుగు.

మొదటిది, నాయకుని ఠీవి. నడక, చూపు, మాట విరుపు వీటిలో ఒక స్థాయి ఉండాలని ఆశిస్తారు. అమితాబ్ నిలువెత్తు గాంభీర్యం, రజనీకాంత్ చురుకు, అజిత్ మౌనం, ప్రభాస్ నిండైన విగ్రహం ఒకదానికొకటి పోలిక లేనివి. అయినా నాలుగూ చెల్లాయి. అనగా అభిమాని కోరేది అనుకరణ కన్నా సొంత ముద్ర.

రెండవది, పరిచిత స్వరం. పాత పాటలోని ఒక్క బాణీ వినిపించగానే హాలు అంతా ఈలలతో నిండుతుంది. 2006లోనూ 2007లోనూ దర్శకులు ఈ సంగతి గుర్తించారు.

మూడవది, దీటైన కథానాయిక. 1978లోనే రోమా తన అన్నను చంపినవానిపై పగతీర్చుకోవడానికి కరాటే నేర్చి ముఠాలో చేరుతుంది. ఆ కాలపు చిత్రాలలో అది అరుదైన పాత్ర. తరువాతి రూపాలలో ఆమె ఎంత బలంగా ఉన్నదన్నది ఆడవారు ప్రత్యేకంగా గమనించే విషయం.

నాలుగవది, కొత్త మలుపు. తెలిసిన కథనే చూడడానికి వెళ్తూ, తెలియనిది ఏదో ఒకటి ఉండాలని కోరుకోవడం ప్రేక్షకుని సహజ గుణం.

సందేహాలు ఎందుకు?

ఆశల వెనుకే సందేహాలు నడుస్తాయి. మొదటి సందేహం ఎప్పుడూ నటుని గురించే. 2006లో షారుఖ్ ఖాన్ అమితాబ్ పాత్రకు తగునా అని ప్రశ్నించారు. ప్రేమకథల నాయకునిగా ప్రసిద్ధి పొందిన నటుడు కరుడుగట్టిన నేరస్థునిగా నమ్మిక కలిగించగలడా అన్నది ఆనాటి శంక. 2023 ఆగస్టులో ఫర్హాన్ అఖ్తర్ 'డాన్ 3'ను రణ్‌వీర్ సింగ్‌తో ప్రకటించినప్పుడు, షారుఖ్ లేనిదే డాన్ లేడని సామాజిక మాధ్యమాలలో నినదించినవారు షారుఖ్ అభిమానులు. పదిహేడేళ్ళలో ఆక్షేపణకు గురైన నటుడే ఆక్షేపణకు ప్రమాణమైనాడు. నటుని గురించిన సందేహం కాలంతో తీరిపోయేదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది. ఆ ప్రకటన చేసిన చిత్రం 2025 చివరి వరకు విడుదల కాలేదు.

విదేశాలలోనూ ఇదే అనుభవం. జేమ్స్ బాండ్ పాత్రకు 2005లో డేనియల్ క్రెయిగ్‌ను ఎంపిక చేసినప్పుడు, జుట్టు రంగు మొదలు ఎత్తు వరకు అన్నిటినీ ఎత్తిచూపి బహిష్కరణ పిలుపులు ఇచ్చారు. 2006లో 'కాసినో రాయల్' విడుదలైన తరువాత ఆ స్వరాలు సద్దుమణిగాయి. ఆయన 2021 వరకు ఐదు చిత్రాలలో ఆ పాత్ర ధరించారు. ఆ చిత్రం విజయానికి హంగులు తగ్గించి, బాండ్‌ను గాయపడే, పొరపడే మనిషిగా చూపడం ప్రధాన కారణం.

రెండవ సందేహం హంగుల గురించి. విదేశీ నగరాలు, ఖరీదైన వాహనాలు, మెరిసే దుస్తులు పెరిగినకొద్దీ కథ పలచబడుతుందని పాతతరం భయం. ఈ భయం నిరాధారం కాదు. 2007లో 'షోలే' కథను తిరిగి చెప్పబోయి తెలుగువాడైన రాంగోపాల్ వర్మ తీసిన 'ఆగ్' తీవ్ర పరాజయం పొందింది. 2013లో 'జంజీర్'ను రామ్ చరణ్‌తో హిందీలో అదే పేరుతో, తెలుగులో 'తుఫాన్'గా తీసినప్పుడు ఫలితం నిరాశే అయినది. 2012లో 'అగ్నిపథ్' మాత్రం విజయం పొందింది. పాత చిత్రంలో లేని ప్రతినాయకుని ఒకరిని చేర్చినా, తండ్రికి జరిగిన అన్యాయం కొడుకు గుండెలో మండుతూ ఉండడమనే మూలభావాన్ని దర్శకుడు వదలలేదు.

మూడవ సందేహం ముగింపు గురించి. తెలిసిన ముగింపును తారుమారు చేయడం ఒక్కసారే పనిచేస్తుంది. రెండవసారి ప్రేక్షకుడు ముందే జాగ్రత్తపడి కూర్చుంటాడు. 2006 నాటి మలుపు తరువాత ఈ చిత్రమాలలో ఎవరిని నమ్మాలో, ఎవరి కోసం బాధపడాలో తెలియని స్థితి ఏర్పడింది. ఎవరి కోసమూ బాధపడనక్కరలేని కథలో పోరాటాలు ఎంత భారీగా ఉన్నా అవి కసరత్తులుగానే మిగులుతాయి.

బీదవాని చోటు ఎక్కడ?

ఈ వ్యాసకర్త ఒకప్పుడు ఎనిమిదవ తరగతి పిల్లలకు కథాసంగ్రహ రచన నేర్పుతూ, అందరికీ తెలిసిన కథ కదా అని 'బిల్లా'ను ఎంచుకొనడం జరిగింది. మగపిల్లలందరూ బిల్లా పోరాటాలు వరుసగా వ్రాశారు. ఒక బాలిక మాత్రం లేచి, "సార్, పోలీసాయన చచ్చిపోతే మాత్రం ఏం? వాడికి రేషను కార్డు లేదా?" అని అడిగినది. తరగతి అంతా నవ్వింది. అయితే ఆ కథను అంత సూటిగా పట్టుకున్న ప్రశ్న మరొకటి ఈ వ్యాసకర్త వినలేదు.

విజయ్ అవస్థ అదే కదా! అతడు ఎవరో తెలిసినవారు లేకపోలేదు. బస్తీలో పాట విన్నవారు, పెంచుకున్న పిల్లలు ఉన్నారు. కాని అధికారులకు కావలసినది సాక్షి సంతకం, కాగితం. సాక్షి మరణించాడు, కాగితం పోయింది. సరిహద్దుకు ఈవల పుట్టి ఆవల చదివి, ఒక భాషలో పేరు, మరొక భాషలో ఇంటిపేరు నమోదై, ధ్రువపత్రం కోసం రెండు రాష్ట్రాల కచేరీల మధ్య తిరిగిన కుటుంబాలకు ఈ కథ కేవలం కాలక్షేపంగా తోచదు. పాత చిత్రం చూస్తూ మన పెద్దలు డాన్ ఠీవికి ఈలలు వేసి ఉండవచ్చు. కన్నీరు పెట్టినది మాత్రం విజయ్ కోసమే.

ఆ మనిషి ముఠాలోకి వెళ్ళినది ధనాశతో కాదన్న సంగతి కూడా మరువరాదు. పిల్లలు బడికి పోవాలన్న ఒక్క కోరికతో అతడు ప్రాణాన్ని పణంగా పెట్టాడు. 1978లోనూ, 2006లోనూ ఆ ఒప్పందం అదే. అయితే 2006లో ఆ తండ్రివంటివాడు మరణించాడని తెలిసిన తరువాత కూడా చిత్రం అతని కోసం ఒక్క నిమిషం ఆగదు. తెలివైన మలుపుకు చెల్లించిన మూల్యమని పైన అన్నది దీనినే. దక్షిణాది బిల్లాలు హంగులలో ఎంత కొత్తవైనా, వేలును, రంగాను బ్రతికించి ఆ బాకీ తీర్చుకున్నాయి.

అందువలన రాబోయే ఏ పునఃప్రారంభాన్నైనా కొలవడానికి మనకొక సులువైన కొలమానం ఉన్నది. నల్లకళ్ళద్దాలు ఎవరు ధరించారన్నది కొంతకాలం మాట్లాడుకొని మరచిపోయే సంగతి. వీథిలో పాడుకొనే ఆ మనిషికి కథలో చోటు ఉన్నదా, తాను తానేనని చెప్పుకొనే అవకాశం అతనికి దొరికినదా అన్నది చూడాలి. ఆ చోటు ఉన్నంతకాలం ఈ కథ ఏ భాషలో వచ్చినా మనదే. ఇంట తాత, తండ్రి, మనుమడు తమ తమ నాయకుల కోసం వాదులాడుకొనే వేళ, ఈ ప్రశ్న కూడా ఒకసారి వేసుకుంటే ఆ వాదం మరింత రుచికరంగా సాగుతుందని మనవి.

చిత్రమాల కాలక్రమం

1978 – డాన్ (హిందీ), అమితాబ్ బచ్చన్, దర్శకుడు చంద్ర బారోట్
1979 – యుగంధర్ (తెలుగు), ఎన్.టి.రామారావు, దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్
1980 – బిల్లా (తమిళం), రజనీకాంత్, దర్శకుడు ఆర్.కృష్ణమూర్తి
1986 – శోభరాజ్ (మలయాళం), మోహన్‌లాల్, దర్శకుడు జె.శశికుమార్
2006 – డాన్ (హిందీ), షారుఖ్ ఖాన్, దర్శకుడు ఫర్హాన్ అఖ్తర్
2007 – బిల్లా (తమిళం), అజిత్, దర్శకుడు విష్ణువర్ధన్
2009 – బిల్లా (తెలుగు), ప్రభాస్, దర్శకుడు మెహర్ రమేష్
2011 – డాన్ 2 (హిందీ), షారుఖ్ ఖాన్, దర్శకుడు ఫర్హాన్ అఖ్తర్
2012 – బిల్లా 2 (తమిళం), అజిత్, దర్శకుడు చక్రి తోలేటి
2023 – డాన్ 3 (హిందీ) ప్రకటన